సున్నాల ఊళ్లు

పోర్టు ఆఫీసు రెండో అంతస్తులో
కిటికీ పక్క బల్ల నాది.
ఇరవై తొమ్మిదేళ్లు
చిన్న రేవుల నెలసరి పట్టిక నేనే రాశాను.
భీమునిపట్నం: వచ్చిన ఓడలు సున్న, పోయిన ఓడలు సున్న.
కళింగపట్నం: సున్న, సున్న.
బారువ: పైన చెప్పినట్టే.
ఎర్రగీత కొట్టి, కూడి,
అడుగున ఇంకో సున్న వేసి సంతకం పెట్టేదాన్ని.
కూడిక ఎప్పుడూ తప్పలేదు.

ఒక్కసారీ ఆ ఊళ్లలో దిగలేదు.
శ్రీకాకుళం పెళ్లిళ్లకి వెళ్తుంటే
హైవే మీద బోర్డులు కుడివైపుకి బాణం చూపించేవి.
బస్సు వినేది కాదు.

రిటైరయ్యాక ఈ మాట జైనబీతో అన్నాను.
మా క్యాంటీన్ జైనబీ, కోటవీధిలో ఉంటుంది,
మోకాళ్లు రెండూ సమ్మెలో ఉన్నాయి.
"ఏటే, సున్నాలు చూడ్డానికి టిక్కెట్టు కొనాలా?" అంది.
మర్నాడే కొత్త చెప్పులు కొనుక్కుంది.

ఇక రోజూ సాయంత్రం
మా గచ్చు మీద మ్యాపు పరుస్తాం.
నాలుగు మూలలా బరువులు:
పప్పుగుత్తి, అరకిలో తూనికరాయి,
ఆవిడ కళ్లజోడు పెట్టె, నా అమృతాంజనం సీసా.
అయినా ఫ్యాను గాలికి
బంగాళాఖాతం లేచి లేచి పడుతుంటుంది.

మొదట మూడు రోజులనుకున్నాం.
షరతులు జైనబీవి.
రోజుకి ఒక్క ఊరే, రెండో ఊరికెళ్తే అది హాజరు వేయించుకోవడం.
దిగగానే టీ. టీ బావుంటే ఇంకో రోజు అక్కడే.
ఎవరూ ఎవర్నీ పద పద అనకూడదు.

భీమిలి ఎంతలే, పొద్దున్నెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం అన్నాను.
"దగ్గరుందనే గదే ఇన్నేళ్లూ చూళ్లేదు."
అంచేత భీమిలికి రెండు రాత్రులు.
అక్కడ నల్లరాళ్ల కింద ఒలందా వర్తకులున్నారట.
దించాక మళ్లీ ఎక్కించని సరుకు.
ఆ గడి నా ఫారంలో లేదు.

పెన్సిలు పట్టుకుని తీరం వెంబడి పోతుంటే తెలిసింది,
ఈ ఊళ్లన్నీ నదుల చివరి మాటలని.
గోస్తని అంచున భీమిలి, చంపావతికి కోనాడ,
వంశధారకి కళింగపట్నం, మహేంద్రతనయకి బారువ.
ఏ నదీ పరుగున రాలేదు.
గుట్టలు చుట్టి, పొలాల బాకీలు తీర్చి,
మిగిలినంత పట్టుకుని వచ్చింది.
రేవుల్ని పూడ్చిన ఇసకా వాటిదేనేమో.
అన్నం పెట్టిన చెయ్యే గొళ్లెమూ పెట్టింది.

శాలిహుండం గుట్ట ఎక్కడం తన వల్ల కాదంది.
"కింద కూచుంటాను. నువ్వెళ్లి చూసొచ్చి చెప్పు.
కొంచెం అబద్ధాలు కలిపి చెప్పు."

కార్తీకమంటే వాయుగుండం భయం.
వేసవిలో ముంజలుంటాయి, మనం ఉండం.
మాఘం ఖాయం చేశాం,
బారువ ఇసకలో తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో జైనబీకి చెప్పాను, ఎవరికీ చెప్పనిది.
ఒక నెల కళింగపట్నం నుంచి వచ్చిన కాయితం మీద
వాచ్‌మన్ గురుగుబెల్లి లచ్చుమయ్య
సున్నాల పక్కన పెన్సిలుతో రాశాడు:
గాలి బాగుంది.
ఆ మాటకి గడి లేదు.
రబ్బరు తీసి తుడిచేశాను.
రెండు ఊదులు ఊది పైకి పంపాను.

జైనబీ చాలాసేపు మాట్లాడలేదు.
విసనకర్ర చప్పుడొక్కటే.
తర్వాత, "కళింగపట్నానికి మూడు రాత్రులు రాయి" అంది.

మూడు రోజులు పదకొండయ్యాయి.
కరెంటు వచ్చాక కొత్త పేజీలో గీతలు కొట్టాను,
చెయ్యి అలవాటు పోలేదు.
వచ్చినవారు: ఇద్దరు.
పోయినవారు అన్న గడి ఖాళీగా ఉంచమంది.
టీ ఎలా ఉంటుందో
ఇప్పట్నుంచీ ఎలా తెలుస్తుంది?