వెనక సీటు

టాలిన్ రేవులో ఓడ దిగేసరికి వాన.
ఎస్కోకొక సైకిలు, హెల్కాకొకటి,
మూడోది పొడుగాటి జంట సైకిలు:
ముందు నేను, వెనక ఏడేళ్ల ఉర్హో.
గుడారం తడిస్తే రెండింతలు బరువని
మొదటి రాత్రే తెలిసింది.

"తొక్కుతున్నావా?"
"తొక్కుతున్నా."
గంటకోసారి ఇదే మా సంభాషణ,
సగం ఎదురుగాలికి పోగా మిగిలింది.
వాడి మొహం నాకు కనపడదు.
వాడికి నా వీపు తప్ప ఏదీ కనపడదు.
గొలుసు కలిసే ఉంది కనక
వాడి కాళ్లు ఎలాగూ తిరుగుతాయి.
తిరగడం వేరు, తొక్కడం వేరు.
ప్రతి ఎత్తు దగ్గరా అనుమానం నాకు,
వెనక్కి తిరిగితే సైకిలు తూలుతుందని భయం.

పార్ను దాటాక పైన్ చెట్లు, చెట్ల సందుల్లో సముద్రం.
పొగబెట్టిన చేప కాగితంలోంచే తిన్నాం.
హెల్కా మూడు రోజులు నాతో మాట్లాడలేదు,
ఎందుకో నేనూ అడగలేదు.
పద్నాలుగేళ్లకు కారణం అక్కర్లేదు,
ఎదురుగాలి చాలు.

అయినాజీ దగ్గర దేశం మారింది.
గేటు లేదు. మూసేసిన పాత సుంకాల గది,
ఒక నీలిరంగు పలక, కంచె మీద ఆరేసిన దుప్పటి.
"ఆపు, ఆపు" అని అరిచాడు ఉర్హో.
ముందు చక్రం అటు, వెనక చక్రం ఇటు
కొలిచినట్టు నిలబెట్టించాడు.
"అమ్మా, నువ్వు లాట్వియాలో ఉన్నావు.
నేనింకా ఎస్తోనియాలోనే!"
ఆ దేశం నుంచి ఈ దేశానికి
నా చొక్కా పట్టుకుని లాగాడు.

వెంట్స్‌పిల్స్‌లో వాడికి జ్వరం.
ఇంటావిడ వెల్గా ఎండు కోరిందపళ్ల టీ కాచి
మా భాష రాకపోయినా
వాడి నుదురు చదివింది.
ఎస్కో వాణ్ణి బస్సులో లియెపాయాకు తీసుకెళ్లాడు,
తన సైకిల్ని సామాన్ల అరలో పడుకోబెట్టి.

నేనూ హెల్కా మిగిలాం. రెండు రోజుల దారి.
సంచులన్నీ అవే. గాలి కూడా అంతే.
ఇరవై కిలోల పిల్లాడు దిగాడు కదా,
తేలిగ్గా పోతుందనుకున్నాను.
మొదటి మిట్టకే ఊపిరి అందలేదు.
గొలుసుకు నూనె వేశాను. బ్రేకు రాసుకుంటోందేమోనని చూశాను.
చక్రం చేత్తో తిప్పితే
నిక్షేపంలా తిరిగింది.

ఖాళీ సీటు మీద వాన చుక్కలు నిలిచాయి.
వెనక పెడళ్లు వాటంతట అవే
నాతో సమంగా తిరుగుతున్నాయి,
తిరుగుతున్నాయి అంతే.
"ఏమైందమ్మా?" అంది హెల్కా,
మూడు రోజుల తర్వాత మొదటి మాట.
"వాడు తొక్కేవాడే" అన్నాను.
"నాకు తెలుసుగా" అంది.
"నేనెప్పుడూ వెనకే వచ్చేదాన్ని కదా."

లియెపాయా బస్టాండులో వాడు
జ్వరం తగ్గి ఐస్‌క్రీం అడుగుతున్నాడు.
పెద్దదే కొన్నాను. ఎందుకో చెప్పలేదు.

క్లైపేదా, పడవ, ఆపైన సన్నటి ఇసుక దారి:
కుడిపక్క సముద్రం, ఎడమపక్క కయ్య,
మధ్యలో మేం, దారానికి గుచ్చినట్టు.
నిదా ఊరు దాటి కొంచెం పోతే
రోడ్డుకు అడ్డంగా కర్ర.
కాపలా కుర్రాడు చెయ్యి ఊపాడు, కోపంగా ఏం కాదు.
అవతలా ఇసుకే. అవే పైన్ చెట్లు.
ఒక సముద్రపు కాకి
కర్ర మీద కాసేపు వాలి
అటే ఎగిరిపోయింది.

"ఒక్క చక్రం?" అన్నాడు ఉర్హో.
"ముందుదే. నువ్వే ఉంటావు అటు.
నేను ఇటే ఉండి పట్టుకుంటాను."
కుర్రాడి వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు.

జంట సైకిలు వెనక్కి తిప్పాలంటే
ఇద్దరూ దిగాలి.
దిగాం. వాడు వెనక ఎత్తాడు, నేను ముందు.
ఎక్కాక
నేను అడగలేదు.
"తొక్కుతున్నా" అన్నాడు.