తింటివా నా?

రాత్రి పదకొండు దాటితే
నేను రెడ్డెమ్మను కాను.
పందొమ్మిదేండ్ల మగపిల్లోణ్ణి.
పేరు "నిద్రలేనోడు".
ముఖం ఉండాల్సిన గుండ్రంలో
వానకు తడిసిన బైకు.

సైబర్ సెల్ కిటికీ కింద
కొండ దిగొచ్చిన గుండ్లు
బస్టాండు దిక్కు నడిచిపోతా ఉంటాయి.
చందనం పూసుకున్నాక
ఏ గుండు ఎవరిదో వాళ్ళ పిల్లలకే తెలీదు.
నా తెరమీదా అంతే.

సారు నాకు ఒక పేజీ ఇచ్చినాడు.
ఆకు బొమ్మకు ఒక అర్థం,
మంచుపువ్వుకు ఇంకొకటి,
చాక్లెట్లంటే చాక్లెట్లు కాదు.
ఆ వారం నా కూతురు
పుట్టినరోజుకు చాక్లెట్లడిగితే
దాని కళ్ళలోకి
ఒక క్షణం ఎక్కువ చూసినా.

"మబ్బుతునక" శ్రావణంలో తగిలినాడు.
రేటు చెప్పినాడు, బేరమాడినా.
కూరగాయల మార్కెట్లో నేర్చిన నోరు
సర్కారు పనికొచ్చింది.
పదకొండు రాత్రులు.
నాలుగో రాత్రి, రేట్ల మధ్యలో,
ఉన్నట్టుండి అడిగినాడు:
"తింటివా నా?"

తినలేదు.
డబ్బాలో సంగటి ముద్ద గట్టిపడి ఉండాది.
ఆ పొద్దు ఇంట్లో కూడా నన్నెవరూ అడగలేదు.
"లేదురా" అని కొట్టి,
"రా" తుడిపేసి,
"లేదు" అని పంపినా.
ఈ కేసులో
నా చేతులతో నేను చెరిపిన సాక్ష్యం
ఆ ఒక్క అక్షరమే.

కంపెనీకి రాసిన లేఖలకు
"మీ విన్నపం అందింది" అని జవాబు.
మళ్ళీ రాస్తే, మళ్ళీ అందింది.
నెలాఖరు ఫారంలో మూడు గళ్ళు:
గుర్తించినవి, మూయించినవి, పట్టుకున్నవి.
మూయించిన అంగడి తెల్లారేలోగా
ఇంకో పేరుతో షట్టరు లేపుతాది.
దానికి గడి లేదు.

కరకంబాడి రోడ్డు, టైర్ల అంగడి ముందర
మఫ్టీలో నిలబడినా.
వచ్చినాడు.
జ్ఞానశేఖర్, పాలిటెక్నిక్ రెండో ఏడు.
మెడలో ఇంకా కాలేజీ కార్డు,
ఒక చెప్పుకు పిన్నీసు.
నన్ను దాటి చూస్తా ఉండాడు,
తడిసిన బైకు కోసం.
తెలిసేసరికి వాడి చెయ్యి సారు చేతిలో.
గింజుకోలేదు.
"నువ్వా నా" అన్నాడు.
అక్కా అని మార్చుకోనూ లేదు.

మత్తు వద్దని మేమే పోస్టరంటించిన ఆటోలో
వాణ్ణి తీసుకొచ్చినాం.
సరుకు పంపిందెవరంటే
వాడి దగ్గరా ఉండేది
ముఖం లేని ఇంకో గుండ్రమే.
తెప్పించిన ఇడ్లీ పొట్లం
దారం విప్పకుండా బల్లమీదే ఉండిపోయింది.

అరవై నాలుగు పేజీల మాటలు ప్రింటు తీసినాం.
పనికొచ్చే వాక్యాల కింద ఎర్రగీత.
పందొమ్మిదో పేజీలో సారు వేలాగింది.
"ఇదేం కోడు, రెడ్డెమ్మా?"

ఆయనిచ్చిన పేజీలో
ఆకు ఉండాది, మంచుపువ్వు ఉండాది.
"కోడు కాదు సార్. అన్నమే."

సారు నమ్మినట్టు లేదు.
అంచున ఒక ప్రశ్నగుర్తు పెట్టుకున్నాడు,
ఉన్నదాని పక్కనే
ఇంకొకటి.