డ్రాఫ్టుల ఒకటున్నది

మర్రిగూడ బస్టాండు కాడ నా డబ్బా.
సెల్లు రిపేరు, రీచార్జి, ఆధారు జిరాక్సు.
పగిలిన అద్దాలు చానా జూసిన గని
సైదమ్మ ఫోను విప్పిననాడు
అద్దం ఎనుక ఇంకో అద్దం దొరికింది.

ఊర్ల ఆమె సైదమ్మ.
ఆడ సంజన, పేరు పక్కపొంటి రెండు సీతాకోకచిలుకలు.
ఊర్ల పత్తేర వోతది, గోర్ల సందుల కాయపెంకులు గుచ్చుకుంటయ్.
ఆడ చేతులు కానరావు.
మెడ, మొకం, నవ్వు.
పండ్లు నిన్ననే సున్నమేసిన గోడ.

ఆ పండ్లు నాకెరికె.
నాయి గూడ గవే.
పాలపండ్లు ఊడినంక మా బోరు నీళ్లు రాసిన రాత,
అడ్డంగ గోధుమరంగు గీతలు,
బాయి దరికి
నీళ్లు దిగిపోయిన గుర్తుల లెక్క.
మా దిక్కు పెండ్లి ఫోటోలల్ల
పిల్ల, పిలగాడు, తోడుపెండ్లికొడుకు
అందరు పెదిమలు మూసుకొనే నవ్వుతరు.
"జర మంచిగ నవ్వుండ్రి" అంటడు పట్నంకెల్లి వచ్చిన ఫోటోగ్రాఫరు.
వానికేం దెలుసు.

డిస్‌ప్లే ఏసినంక సరిగ నడుస్తుందా అని తెరిచిన.
తప్పే, తెరిచిన.
నలభై మూడు డ్రాఫ్టులు.
ఒకటే నవ్వు, తల జర ఇటు, జర అటు,
ఎవరికో ఒప్పజెప్పాల్సిన పాఠం లెక్క.

ఒకదాంట్ల మాత్రం
మేకపిల్ల వచ్చి కుమ్మినట్టుంది.
ఆకాశం తిరిగింది, రేకుల కప్పు తిరిగింది,
కింద వడ్డకాడికెల్లి ఫోను పైకి జూస్తె
ఫిల్టరు జారిపోయిన మొకం,
నోరంత తెరిచి
కడుపు పట్టుకొని నవ్వుతున్నది సైదమ్మ.
ఒక్కొక్క గీత కనవడ్డది.
నాలుగు సెకండ్లు.
నేను మూడుసార్లు జూసిన.

"ఆగి ఆగి నడుస్తున్నది,
సాఫ్టువేరు మల్ల కొట్టాలె, లోపలున్నదంత పోతది" అన్న పొద్దుమీకి.
"పెట్టినయి ఆడ్నే ఉంటయ్ గద, పోతె పోనీ."
కౌంటరు మీది ఇయర్‌ఫోన్లు ముట్టి, మల్ల ఆడ్నే పెట్టి,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అన్నది:
"డ్రాఫ్టుల ఒకటున్నది. మేకది. గదొక్కటి తీసియ్యన్నా."

"ఏ మేక?" అన్న,
ఏం జూడనోని లెక్క.

పొయ్యినంక నా డీపీ తెరిచి జూసుకున్న.
చౌటుప్పల్ దాబా ముంగట ఎవరిదో తెల్లకారు,
దానికి ఆనుకొని నేను,
పెదిమలు కుట్టేసినట్టు.
మారుద్దామని ఏలు పెట్టిన.
ఇంతల ఎవరో వచ్చి
సన్నపిన్ను చార్జరున్నదా అనడిగిండ్రు.