మార్చి నెల రీడింగు

పొద్దుగాల ఏడింటికి
నయీంనగర్ నాలా పక్క గల్లీల మొదలైతది నా నడక.
మెడల గుర్తింపు కార్డు, చేతిల బిల్లు మిషను,
సంచిల రెండు కాగితం చుట్టలు, ఒక నీళ్ల సీసా.
దినానికి రెండు వందల గేట్లు.
కుక్కలకు నా వాసన తెలుసు.
మనుషులకు నేను కరెంటాయన, గంతే.

పదకొండేండ్లు మీటర్లే చూసిన.
ఎవరింట్ల కొత్త ఏసీ పెట్టిండ్రో చెప్పగలను గాని
ఎవరి గేటు ముందట ఏ చెట్టున్నదో
అడిగితే నోరు తెరుద్దును.

మొన్న ఫిబ్రవరి ఆఖర్ల
తాటికొండ విమలక్క ఇంటి మీటరు కనవడలే.
దొండతీగ డబ్బా మీదికి పాకి
అద్దం నిండ ఆకులు పరిచింది.
జరుపుదామని చెయ్యి పెడితే
పుట్టి ఒక్క దినమైనా అయిందో లేదో,
దారప్పోగంత నులితీగ
నా వేలును ఆసరా అనుకున్నది.
అంకెలు మరిచి ఆడ్నే నిలవడ్డ.
లోపట్నుంచి విమలక్క అరిచింది:
"ఏందయ్యా, బిల్లు గంతగనం వచ్చిందా?"

అప్పటిసంది
నా కండ్లకు ఇంకో రీడింగు అంటుకున్నది.

అదాలత్ కాడ కానుగలు
మొన్నటిదాక బోడిగుండ్లు.
ఇయ్యాల నూనె రాసి దువ్విన బడిపిల్లల తలకాయల తీరు
ఒక్కటే మెరుపు.
సుబేదారిల రావిచెట్టు
చింతపండు పెట్టి తోమిన రాగిచెంబు.
గాలి కొడితే ఆకులు ఒకదాన్నొకటి తడుముకుంటయి,
బస్సులేమో హారను కొట్టుకుంట పోతనే ఉంటయి.
హంటర్ రోడ్డు నడుమ, లారీల పొగల,
గులాబి రంగు పూలు గుత్తులు గుత్తులు.
నర్సరీ పిల్లగాడు పేరు చెప్పిండు గాని
నాకు నోరు తిరుగలే.
వడ్డేపల్లి కట్ట అవతల
ప్లాట్ల రాళ్ల నడుమ ఒక్క మోదుగ,
ఆకు లేదు, ఒళ్లంత నిప్పే.
ఎవరి ప్లాటో, ఎన్నాళ్లుంచుతరో.

ఒక ఇంటికి ఆరు నెలలాయె తాళం.
యూనిట్లు సున్నా.
గోడ మీదికెల్లి మునగపూత
నా మిషను మీద రాలింది.
ఊది, తాళమున్నదని నొక్కి,
ముందటికి పోయిన.

ఒక్క చెట్టు కాడ మాత్రం
తల ఎత్తబుద్ధి కాదు.
గోపాలపూర్ మూలమీది వేప.
సంక్రాంతి దాటినంక మావోళ్లే వచ్చి
వైరుకు తాకుతున్నదని నడుమకు కొట్టిండ్రు.
లిస్టుల ఆ స్తంభం నంబరు రాసిచ్చింది నేనే.
కింద ఇస్త్రీ బండి చంద్రమౌళి
నీడ పోయిన జాగల పాత ఫ్లెక్సీ కట్టుకున్నడు.
"ఎవడు రాసిండో గాని, అన్నా,
వాని అంగీ ఒక్కసారి నా బండి మీదికి రావాలె" అన్నడు.
నా అంగీ వారం వారం
ఆయన బండి మీదికే పోతది.

నిన్న తప్పలేదు, చూసిన.
కొట్టిన మోడు చుట్టూ
ముడి ముడికి ఎర్రటి సిగురు,
పసిపిల్ల చెవి తమ్మె లెక్క.
మిగిలిన కొమ్మలకు పూత.
చంద్రమౌళి తెల్లంగి మడత పెడుతుంటే
దాని మీద వేపపువ్వు రాలింది.
చేత్తోటి దులుపలే.
వంగి, మెల్లగ ఊదిండు.

"ఉగాది పచ్చడికి కొన్ని తెంపుకపో" అని
ఇస్త్రీ బల్ల జరిపిండు.
ఎక్కి, పిడికెడు తెంపిన.
మీద, సిగురుకు వైరుకు నడుమ
జానెడు దూరం.
జానెడు కూడ లేదేమో.

సారు మళ్ల లిస్టు అడుగుతున్నడు.
గాలిదుమారాలు వచ్చే కాలం.
వైరు తెగొద్దు. కొమ్మ విరగొద్దు.
రెండూ ఒక్కసారే కోరుకునేటోణ్ణి
ఏమంటరో తెల్వదు.

జోబుల పువ్వు చేదు వాసన.
చేతిల మిషను కుయ్యిమన్నది.
తర్వాతి గేటు.