నీళ్ళ క్యాన్ల లెక్క

ఏప్రిల్లో రోజుకి పదకొండు క్యాన్లు.
రోహిణి కార్తెలో నాలుగు.

మైపాడు రోడ్డు మీద రొయ్యల ప్లాంటులో
స్టోరు బిల్లులు రాసేది నేను.
తగ్గిన ఏడు క్యాన్లనీ
‘ఆదా’ అనే గడిలో వేసింది కూడా నేనే.
సోమవారం మీటింగులో ఆ గడి
తెర మీద పచ్చగా వెలిగింది.
ప్లాంట్ హెడ్ నా పేరు పలికారు, చప్పట్లు కొట్టించారు,
జీడిపప్పు బిస్కట్లు తిన్నాం.
టీములో ఇబ్బందులేమైనా ఉంటే
మనసు విప్పి చెప్పండన్నారు.
ఏసీ ఒక్కటే కాసేపు మాట్లాడింది.

ఆయన కుర్చీ వెనక సర్వే ఫలితం ఫ్రేము కట్టి ఉంది:
నూటికి తొంభై ఆరుమందికి సంతోషం.
ఆ కాగితాలు పంచింది ఫ్లోర్ ఇన్‌ఛార్జి చెంగయ్య,
టిక్కులు పెడుతుంటే భుజాల వెనక నిలబడింది చెంగయ్య.
మిగతా నలుగురూ ఎవరో
వారం తిరక్కుండా కనుక్కున్నాడు గూడా.

క్యాన్లు వేసే సుభానీ ఆటోలోంచి అడిగాడు:
“ఏందన్నా, మీ ఆడోళ్ళకి దప్పిక నిలిచిపోయిందా?”
నవ్వి, సంతకం పెట్టి లోపలికొస్తే
ఆ మాట నాకంటే ముందే నా కుర్చీలో కూర్చోనుంది.

పీలింగు హాల్లోకి పోయాను.
బూట్లు, టోపీ, మాస్కు, కాళ్ళకి క్లోరిన్ నీళ్ళు.
నాలుగేళ్ళ ఉద్యోగంలో అది మూడోసారి.
ఐసు మీద రొయ్యలు, రొయ్యల మీద నూటఇరవై చేతులు,
తల ఒక విసురు, పొట్టు ఒక విసురు,
వీపులో దాక్కున్న నల్లనరం ఒక్క లాగుడు.

తలుపు పక్కన మేకుకి ఒక పుస్తకం.
పేరు, బాత్రూముకి పోయిన టైము, వచ్చిన టైము.
ఆరు నిమిషాలు దాటితే ఎర్ర ఇంకు,
మూడు ఎర్రలకి అరపూట కూలి కోత.
ఆ పుస్తకం కొన్న రసీదు నా ఫైల్లోనే ఉంది:
లాంగ్ నోటుబుక్కు, రెండొందల పేజీలు, స్టేషనరీ.

“నీళ్ళు తాగితే పోవాల గదబ్బయా,”
అంది మస్తానమ్మ, చెయ్యి ఆపకుండా, నా వంక చూడకుండా.
“పోతే రాస్తారు. అందుకే తాగడం మానేసినాం.
పొద్దన గంజి గూడా సగమే.”
పక్కనున్న కొత్తపిల్ల కిసుక్కున నవ్వి
పొత్తికడుపుకి మోచెయ్యి అదుముకుంది.

పైకొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను.
‘ఆదా’ చెరిపేసి ఏం రాయాలో తెలీలేదు.
దాహానికి మా దగ్గర పద్దు లేదు.

శనివారం షిఫ్టు మారే గోలలో
మేకు మీంచి పుస్తకం తీసి
అన్నం క్యారేజీ సంచిలో పెట్టుకొచ్చాను.
చెంగయ్యని పట్టించేద్దామనే.
ఇంట్లో లైటు కింద తెరిస్తే
ప్రతి పేజీ అడుగునా పచ్చ ఇంకుతో పొట్టి సంతకం.
చెంగయ్యది కాదు.
నా ఇంక్రిమెంటు కాగితం మీద ఉన్నదే.

ఇప్పుడు ఆదివారం రాత్రి, రెండు దాటింది.
తెల్లారితే మీటింగు.
పుస్తకం బిస్కట్ల పళ్ళెం పక్కన పెడతానో,
మళ్ళీ మేకుకే తగిలిస్తానో.
దాహమేసి చెంబుడు నీళ్ళు తాగాను,
ఇప్పటికి మూడుసార్లు లేచాను.
ఎవరూ టైము రాసుకోలేదు.