తెగిన చెప్పు

పర్లాకిమిడి ఆసుపత్రిలో
శవాల గది దాటాక, ఆఖరి గది.
అందులో దండాసి మహారణా,
కొమ్ముతో కొంగల్ని చెక్కే మనిషి.
మందులకి లొంగని టీబీ.

మూడు వారాలైంది అతను మనిషి ముఖం చూసి.
నాకున్నవీ మాస్కు పైన రెండు కళ్లే,
వాటికి అద్దాలు, అద్దాల మీద నా ఊపిరి ఆవిరి.

కిటికీ ఉంది గానీ గోడకి ఎదురుగా.
గుణుపురం బండి కూస్తేనే
అతనికి పొద్దు తెలిసేది.

మాత్రలు లెక్కపెట్టి ఇస్తాను. పద్నాలుగు.
"ఏటి వండేవు?" అంటాడు.
"ఆనపకాయ."
"ఆవ పెట్టేవా?"
లేదంటే నొచ్చుకుంటాడని, పెట్టానంటాను.
అప్పుడు గానీ మొదటి మాత్ర మింగడు.

జీతాలిచ్చిన రోజు కొత్త చెప్పులు కొన్నాను,
మెత్తటివి, చప్పుడు లేనివి.
తలుపు తీసేసరికి
మంచం మూలకి ముడుచుకుపోయాడు.
ఎవరని అడిగాడు ఒడియాలో,
దారిన పోయేవాళ్లని అడిగినట్టు.
నేనేనంటే నమ్మలేదు.
మాత్రలు అరచేతి చెమటకి రంగు వదిలాయి.

ఇంటికొచ్చి కొళాయి కింద చేతులు కడుగుతుంటే తట్టింది:
వరండా మొదట్లోంచి
టప్పు, సర్రు, టప్పు, సర్రు
ఇన్నాళ్లూ అతను చూస్తున్న నా ముఖం అది.

చెత్తబుట్టలోంచి తీశాను పాత జతని.
తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చి
మర్నాడు కావాలనే నెమ్మదిగా నడిచాను.

తలుపు ముట్టకముందే
లోపల్నించి, "ఆసిలొ కి?"

వచ్చాను బాబూ.
అడుగు, ఏం వండానో.
ఇవాళ నిజంగానే ఆవ పెట్టాను.