సంచకరువు

మ్యూన్‌స్టర్‌లో వాన పడని రోజంటూ వస్తే
మూడో అంతస్తు కిటికీ తెరిచేవాళ్ళం,
చీటీలు ఎగిరిపోకుండా
కట్టకొక గులకరాయి పెట్టి.

నేనప్పటికి బంకడబ్బా కుర్రాణ్ణి.
డాక్టర్ తేవెస్ కత్తిరించినవి అతికించడం,
అతికించినవి చెప్పుల అట్టపెట్టెల్లో
వరస తప్పకుండా పేర్చడం,
నా చదువంతా అంతే.
పదకొండేళ్ళయినా ఆల్ఫా గడప దాటలేదు మేము.
ఒమేగా మొహం చూసి చస్తామా లేదా అని
వీధి చివర బీరు కొట్లో పందేలుండేవి.

నిఘంటువంటే ఏమిటనుకున్నారు?
ఒక మాటని ఎవరెవరు ఎక్కడెక్కడ ముట్టుకున్నారో
ఆ వేలిముద్రల లెక్క.
పవిత్ర గ్రంథంలో మూడంటే మూడుసార్లు కనబడే మాట
ఐగుప్తు చెత్తకుప్పల్లోంచి
ఎన్నిసార్లో బయటికొస్తుంది,
గాడిద బేరంలో,
పడవ బాడుగలో,
పెళ్ళికి పిలిచిన పిల్లనగ్రోవివాడి గుప్పిట్లో.

అలాంటిదే అర్రబోన్.
పుట్టుకతో గ్రీకుది కూడా కాదు.
ఏ సెమిటిక్ వర్తకుడి నోటివెంటో ఓడ దిగి
రేవులోనే కాపురం పెట్టేసింది.
మిగతాది తర్వాత ఇస్తానని
ముందుగా చేతిలో పెట్టేది.
ఆత్మని దేవుడు అలాగే ఇచ్చాడని
ఆ పాత ఉత్తరాల్లో ఉంది.

డాక్టర్‌కి నిద్ర పట్టనిది ఒక్కచోటే.
అది మొత్తం సొమ్ములో ఒక ముక్కా?
లేక ఉత్త మాటకి తాకట్టా?
తొమ్మిది నెలలు ఆ రెంటి మధ్యే పెన్సిల్ నమిలాడు,
ఆ తేడా మీదే పరలోకం వేలాడుతోందన్నట్టు.

సాయంత్రాలు స్టమాటియా వచ్చేది
బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని.
కవాలాలో పొగాకు గుచ్చిన వేళ్ళు
ఇక్కడ బ్లీచింగ్‌కి తెల్లబడ్డాయి.
ఓ రోజు బల్ల కింద పడ్డ చీటీ తీసి,
కళ్ళు చికిలించి చదివింది:
"అరవోన్."
"అర్రబోన్," సరిదిద్దాడు డాక్టర్.
ఆమె పడీపడీ నవ్వింది.
"మా అక్షరం మీ నోట్లో వాచిపోయింది దొరా!"

తర్వాత ఎడమచెయ్యి చాపింది.
సన్నటి ఉంగరం.
"మావైపు మాట ఖాయమైతే ఈ చేతికి.
పెళ్ళినాడు ఆ చేతికి మారుతుంది.
నాది మారలేదు."

వాడెక్కడని నేను అడగబోయాను.
డాక్టర్ అడిగిందేమో, ఆయన బుద్ధి పోనిచ్చుకోక,
"తిరిగి ఇచ్చెయ్యాలా? ఉంచుకోవచ్చా?"
"మాట తప్పింది వాడు. ఉంగరం నాది."
"సరిగ్గా పాపిరస్‌లో ఉన్నట్టే!"
ఆయన మొహం చిన్నపిల్లాడిలా వెలిగింది,
వెంటనే సిగ్గుపడింది.
గొంతు తగ్గించి మళ్ళీ అడిగాడు,
"అది ముక్కా? గుర్తా?"

ఆమె తడిగుడ్డ పిండింది. ఇంకోసారి పిండింది.
"దీన్ని పెళ్ళనరు.
కానీ పెళ్ళి ఎంత బరువుంటుందో
ఈ వేలికి తెలుసు."

ఆ రాత్రి ఆయన కొత్త చీటీ రాశాడు.
ఊరు: కవాలా. కాలం: నిన్న.
ఆధారం అన్నచోట: నేల తుడుస్తూ.
పైవాళ్ళు ఎర్రసిరాతో కొట్టేశారు.
బతికున్న నోటికి పంక్తి సంఖ్య లేదుగా.

తర్వాత ఎక్కువ చెప్పడానికేం లేదు.
ఆల్ఫా ఒక్కటే అచ్చయింది, పలచటి సంపుటం.
బీటా మొదట్లో డాక్టర్ ఊపిరి ఆగింది.
ప్రచురణకర్త
అడ్వాన్సు లెక్క అడుగుతూ ఉత్తరం రాశాడు,
చనిపోయినాయన పేరుకే.
జవాబు ఏం రాయాలో తెలీక
ఇంకా సొరుగులో ఉంచాను.

స్టమాటియా వాకిలి కడిగే పనికి
వేరే భవనానికి మారింది.
ట్రామ్ దగ్గర ఒకసారి కనిపిస్తే
నా కళ్ళు ముందు
ఏ చెయ్యి అని వెతికాయి.
చేతులకి ఉన్ని తొడుగులున్నాయి, చలికాలం.

నా కాపీలో ఆ మాటున్న పేజీ
మిగతావాటికంటే కాస్త మందం.
కొట్టేసిన చీటీని దాని వెనక
నేనే అతికించాను.
నలభై ఏళ్ళకి బంక పసుపెక్కి
ఇవతలివైపుకి ఊరింది.
వెలుతురుకి పట్టుకుంటే
అచ్చక్షరాల కింద
పెన్సిల్ గీతలు కనబడతాయి.